బొడ్డు కోయడానికి ఒక్క నిమిషం ఆగుదాం

నెలలు నిండకుండా కాన్పు వస్తే లేబర్ రూములో అందరికీ కంగారే. బిడ్డ బయటపడగానే బొడ్డు కోసి, మూలనున్న వార్మర్ దగ్గరికి పరుగు తీయడం చాలా ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి వస్తున్న అలవాటు. ఆ తొందర బిడ్డ మేలు కోరే చేస్తారు. అయినా, తనంతట తాను ఊపిరి తీసుకుంటున్న బిడ్డ విషయంలో ఆ తొందర మానుకోవాలని మేము గట్టిగా నమ్ముతున్నాము.

తల్లి గర్భంలో బిడ్డ ఊపిరితిత్తుల నిండా ఉండేది గాలి కాదు, ద్రవం. ప్రాణవాయువు మాయ నుండి బొడ్డు తాడు ద్వారా అందుతుంది. బిడ్డ రక్తంలో కొంత భాగం ఎప్పుడూ మాయలోనే తిరుగుతుంటుంది. పుట్టాక మొదటి ఊపిరితో ఊపిరితిత్తులు విచ్చుకుని, వాటిలోకి రక్తం బాగా ప్రవహిస్తుంది. అంతకుముందే తాడు బిగిస్తే మాయ నుండి గుండెకు వచ్చే రక్తం ఆగిపోతుంది. ఊపిరితిత్తుల నుండి రావలసింది ఇంకా మొదలు కాదు. నెలలు నిండిన బిడ్డ ఈ దెబ్బను చాలావరకు తట్టుకుంటుంది. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థమే చాలినంత లేని పసికందుకు అది పెద్ద భారం.

ఊపిరికి సాయం అవసరం లేని బిడ్డకు, నెలలు నిండినా నిండకపోయినా, ఒక నిమిషం గడవక ముందు బొడ్డు బిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. 37 వారాలు నిండని 3,260 మంది శిశువుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2023లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. వెంటనే బొడ్డు బిగించిన వారిలో నూటికి 8.2 మంది ఇంటికి వెళ్లకముందే చనిపోగా, ఆగి బిగించిన వారిలో 6.0 మంది చనిపోయారు. నూటికి ఇద్దరు బిడ్డలంటే తక్కువ కాదు. ఆ ఇద్దరి తల్లులను అడిగితే తెలుస్తుంది.

"ఆగేలోగా బిడ్డ చల్లబడదా?" అని సిస్టర్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. అందుకే వెచ్చని గుడ్డలు, టోపీ, బాగా చిన్న బిడ్డలకైతే శుభ్రమైన ప్లాస్టిక్ సంచి ముందే సిద్ధం చేసుకోవాలి. సమయం ఆదా చేద్దామని తాడును పిండి రక్తాన్ని బిడ్డవైపు తోయడం మాత్రం వద్దు. 28 వారాలు నిండని శిశువులలో దానివల్ల మెదడులో తీవ్ర రక్తస్రావం ఎక్కువైందని 2019లో ప్రచురించిన పరిశోధనలో తేలింది.

ఈ నియమాన్ని గుడ్డిగా పాటించమని మేము చెప్పడం లేదు. తల్లికి విపరీతంగా రక్తం పోతున్నా, మాయ ముందే ఊడిపోయినా ఆగకూడదు. తుడిచి, వీపు నిమిరినా బిడ్డ ఊపిరి తీయకపోతే, ఊపిరి అందించడమే మొదటి పని. అందుకు బొడ్డు కోయక తప్పకపోతే కోయవలసిందే.

అయితే ఒక్క మాట. అంబు బ్యాగు గది మూలన ఉన్నంతకాలం బిడ్డనే దాని దగ్గరికి మోయాలి, మోయాలంటే బొడ్డు కోయాలి. అదే బ్యాగును, మాస్కును తల్లి మంచం పక్కకు తెచ్చి, అనుభవమున్న సిస్టరును అక్కడ నిలబెడితే, బొడ్డు ఉండగానే ఊపిరి అందించవచ్చు. దీనికి కావలసింది ఒక చిన్న బల్ల, గోడ గడియారం, తగిన శిక్షణ. మన మిషను ఆస్పత్రులకు ఇది మోయలేని ఖర్చు కాదు.

మన పల్లెల్లో చాలాచోట్ల మంత్రసానులు మాయ పడేదాకా బొడ్డు కోసేవారు కాదు. వారి కత్తి శుభ్రంగా లేక ధనుర్వాతంతో ఎందరో పసికందులు పోయారు. ఆ కత్తిని మార్చడం మంచిదే అయింది. కాని కత్తితోపాటు వారి ఓపికను కూడా పారవేశాము.

కాన్పుకు వచ్చే అమ్మలారా, తోడుగా వచ్చే అమ్మమ్మలారా, బిడ్డ పుట్టగానే బొడ్డు కోయలేదేమని కంగారుపడకండి. ఆ నిమిషంలో డాక్టరమ్మ ఊరకే నిలబడలేదు. బిడ్డకు చెందిన రక్తాన్ని బిడ్డకు చేరనిస్తోంది. ఆ నిమిషం ప్రార్థించండి.