ఎలుగు ఊరఁ జొచ్చినప్పుడు

శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు తోఁటలలో జీడిపండ్లకును పనసపండ్లకును ఎలుగుబంట్లు ఇండ్లచెంతకు వచ్చుట క్రొత్త గాదు. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలమున ఒక ఎలుగు ఒకరిని జంపి, పలువురిని గాయపఱచెను. పట్టుబడిన పిదప అదియును చచ్చెను.

ఇట్టి వేళ మనవారి మొదటి పని గుంపుగూడి కేకలతో తఱుముట! చుట్టుముట్టఁబడిన మృగము మీఁదఁబడక యేమి చేయును? దానికి తోవ విడువుఁడు. పరుగిడకుఁడు, అది మనకంటె వేగముగలది. చెట్టెక్కుటలో నది మనకు గురువు! దానివైపు చూచుచునే మెల్లగా వెనుకకు జరుగుఁడు. పిల్లలను లోపల నుంచి అటవీశాఖకు కబురంపుఁడు.

ప్రాణరక్షణకై సద్భావముతో జంపుట 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 11వ సెక్షను ననుసరించి నేరము గాదు. పాఱిపోవుదానిని వెంటాడి చంపుట రక్షణ యెట్లగును? అయితే, కబురందినను అధికారులు రాకున్న జనము కఱ్ఱ లెత్తకుందురా?