భూకంపం పాపఫలమా?

ఊళ్లో పిడుగు పడినా, వరదొచ్చినా, ఎవరి ఇల్లు కూలినా మన నోట వెంటనే వచ్చే మాట "పాపం పండింది". రచ్చబండ మీద కూర్చున్నవాడు అంటే ఆ మాట అక్కడితో పోతుంది. దేశమంతా నమ్మే నాయకుడు, శవాలింకా శిథిలాల కిందే ఉన్న రోజుల్లో అంటే? 1934లో అదే జరిగింది. అన్నది గాంధీ.

ఆ ఏడు జనవరి 15న, మధ్యాహ్నం రెండు దాటాక, బీహార్, నేపాల్ ప్రాంతాలను పెద్ద భూకంపం కుదిపేసింది. ముంగేర్, ముజఫర్‌పూర్ పట్టణాలు దిబ్బలయ్యాయి. పదివేల మందికి పైగా చనిపోయారు. ఉత్తర బీహార్‌లో నేల నెర్రెలు విచ్చి, నీళ్లూ ఇసుకా ఎగజిమ్మి, పంటపొలాలను కప్పేశాయి. గాంధీ అప్పుడు అంటరానితనానికి వ్యతిరేకంగా చేపట్టిన హరిజన యాత్రలో దక్షిణాదిన ఉన్నారు. జనవరి 24న తిరునల్వేలిలో మాట్లాడుతూ, అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్షే ఈ భూకంపమని చెప్పారు.

అంటరానితనం ఘోరమైన నేరమే. అందులో రెండో మాట లేదు. కానీ ఆ నేరం దేశమంతటా ఉంటే శిక్ష బీహార్‌కే ఎందుకు పడింది? అంటరానితనం చేసినవాడి మీదా, దాన్ని భరించినవాడి మీదా, ఉయ్యాలలోని పసిబిడ్డ మీదా ఒకే గోడ కూలితే దాన్ని న్యాయమని ఎలా అంటాం?

గాంధీ అన్న ఆ మాటను ఖండించినవారు రవీంద్రనాథ్ టాగూర్. 1932లో ఎరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్ష చేసినప్పుడు అక్కడికి వెళ్లి ఆయన పక్కన నిలిచిన మనిషి. ప్రకృతి ఉత్పాతాలకు ప్రకృతిలోనే కారణాలుంటాయనీ, వాటిని నీతితో ముడిపెట్టడం జనంలోని అవివేకాన్ని పెంచుతుందనీ టాగూర్ వాదించారు. ఇదే తర్కంతో గాంధీని వ్యతిరేకించే పక్షం ఆయననే దోషిగా నిలబెట్టగలదని కూడా హెచ్చరించారు. నెహ్రూ తన ఆత్మకథలో మరో కోణం చూపారు. ఉత్తర బీహార్ స్వాతంత్ర్యోద్యమంలో ముందుంది కాబట్టి, ఇది శాసనోల్లంఘనకు పడిన దైవశిక్ష అని బ్రిటిష్ ప్రభుత్వం కూడా అనుకోవచ్చు కదా అని.

టాగూర్ విమర్శను గాంధీ దాచలేదు. ఫిబ్రవరి 16న తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, పక్కనే జవాబు రాశారు. ఆ నిజాయితీకి నమస్కరించాలి. జవాబును మాత్రం ఒప్పుకోలేం. నా నమ్మకాన్ని రుజువు చేయలేను, అది తప్పని తేలినా నమ్మినవారికి మేలే చేస్తుంది అన్నది దాని సారం. మేలు చేస్తుందంటూ అబద్ధాన్ని నిలబెట్టడం మొదలైతే దానికి హద్దెక్కడ? భూకంపానికి భయపడి అంటరానితనం మానినవాడు, భూమి కదలడం ఆగగానే మళ్లీ పాత గుమ్మానికే చేరతాడు.

అసలు కారణం నేలలోనే ఉంది. భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల కిందికి చొచ్చుకుపోతోంది. ఏళ్ల తరబడి పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదలైతే భూకంపం. నదులు తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రు నేల ఉన్నచోట ఇళ్లు కుంగి, ఒరిగి, విరిగాయి. ఆ మేరకు నష్టాన్ని నిర్ణయించింది మట్టి స్వభావమే.

ఆపదలో నాయకుణ్ణి కొలవడానికి రెండు ప్రశ్నలు చాలు. బాధితుడి దగ్గరికి వెళ్లాడా? నిజం చెప్పాడా? భూకంపం వచ్చిన రెండు రోజులకే జైలు నుంచి విడుదలైన రాజేంద్రప్రసాద్, అనారోగ్యంతోనే సహాయ కార్యక్రమాలు నడిపారు. నెహ్రూ ముంగేర్‌లో శిథిలాలు తవ్వారు. గాంధీ కూడా మార్చిలో బీహార్ వెళ్లి ఊరూరా తిరిగారు. మొదటి ప్రశ్నలో ఆయన నెగ్గారు. రెండోదాంట్లో ఓడారు. మొదటి దానికి ఇచ్చే గౌరవంతో రెండో దాన్ని కప్పిపుచ్చకూడదు.

మన తీరం సంగతే చూడండి. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తితే వేలమంది కొట్టుకుపోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదే విరుచుకుపడినా మన రాష్ట్రంలో మృతులు పదుల్లోనే ఉన్నారు. ఈ మధ్యలో మన పాపాలేమీ తగ్గలేదు. ఉపగ్రహాలు, ముందస్తు హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు వచ్చాయి. జనాన్ని కాపాడినవి అవే.

అంటరానితనం పోవడానికి దేవుడి భయం అక్కర్లేదని మన నాస్తికవాది గోరా చేసి చూపించారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి కులం మీద పోరాడారు. తన కూతురిని దళిత యువకుడికిచ్చి పెళ్లి చేయాలనుకున్నారు. ఆ నాస్తికుడి ఇంటి పెళ్లిని సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. హత్యకు గురవడంతో ఆ పెళ్లిని ఆయన చూడలేకపోయారు. 1948 మార్చిలో అది సేవాగ్రామ్‌లోనే జరిగింది.

ఈసారి ఆపద వచ్చినప్పుడు ఎవరైనా పాపం పండిందంటే, ఎంత పెద్దవారైనా సరే, కారణం అడగండి. టాగూర్ గాంధీనే అడిగారు.