స్కీన్స్ చేత వేయించాల్సిందేనా?

పాల్ స్కీన్స్‌కి 2025లో నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా వచ్చిన దగ్గర్నుంచీ మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర ఒక పాత తగువు మళ్ళీ లేచి కూర్చుంది. 2023 జూన్ 26, ఒమాహాలో కాలేజి బేస్‌బాల్ ఫైనల్స్ మూడో ఆట. చెరొకటి గెలిచారు, ఈ ఆట ఎవరిదైతే కప్పు వాళ్ళది. అలాంటి ఆటకి ఎల్‌ఎస్‌యూ (అదేనండీ, లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) కోచ్ జే జాన్సన్ దేశంలోకెల్లా గొప్ప కాలేజి పిచర్ని, అంటే ఈ స్కీన్స్‌నే, పక్కన పెట్టి ఇంకొకణ్ణి దింపాడు. అది తెలివా, తెగింపా, లేక టైము బాగుండి బయటపడ్డాడా? ఇదీ తగువు.

ఎల్‌ఎస్‌యూలో ఎమ్మెస్ చేసిన గుంటూరు కుర్రాడొకడు ఉన్నాడు మా టీములో. బేటన్ రూజ్‌లో రెండేళ్ళు ఉన్న పుణ్యానికి ఊదా, బంగారు రంగులు వాడి రక్తంలో కలిసిపోయాయి. "అన్నా, నువ్వెన్నైనా చెప్పు, సిరీస్ తేల్చే మ్యాచ్‌లో బుమ్రాని కూర్చోబెడతారా ఎవరైనా?" అంటాడు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే కూర్చోబెట్టారు కదా! 2025లో ఇంగ్లండ్ సిరీస్‌లో బుమ్రా అయిదు టెస్టుల్లో మూడే ఆడతాడని ముందే చెప్పారు, మూడే ఆడాడు. ఓవల్‌లో ఆఖరి టెస్టు బుమ్రా లేకుండానే 6 పరుగుల తేడాతో గెలిచాం. గెలిపించింది మన హైదరాబాద్ సిరాజ్. (అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేసింది కూడా ఆ సిరాజే. ఒకడి భుజం మీంచి దించిన బరువు గాల్లో కలిసిపోదు, ఇంకొకడి భుజం మీదికి ఎక్కుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.)

బేస్‌బాల్ చూడని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. క్రికెట్‌లో బౌలర్ ఓవర్ వేసి ఫైన్ లెగ్‌లోకి పోయి కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. వన్డేలో 10 ఓవర్లు, ట్వంటీ20లో 4 ఓవర్లు దాటి వేయమన్నా వేయడానికి లేదు. బేస్‌బాల్ పిచర్ మాత్రం కోచ్ వచ్చి బంతి తీసుకునేదాకా తన టీమ్ తరఫున ప్రతి బంతీ తనే వేయాలి. ఒకసారి బయటికి తీసుకెళ్తే మళ్ళీ ఆ ఆటలోకి రాకూడదు. అందుకే "ఇప్పుడు మార్చాలా, ఇంకో ఇన్నింగ్ ఉంచాలా" అన్నదాని మీద ఫ్యాన్సు అంతలా కొట్టుకుంటారు. మామూలు సీజన్లో కాలేజీలు శుక్ర, శని, ఆదివారాల్లో మూడు ఆటలు ఆడతాయి, శుక్రవారం బెస్ట్ పిచర్, ఆ తర్వాత రెండోవాడు, మూడోవాడు. అంటే ఒక్కొక్కడికీ వారానికి ఒక్కసారి. మోతాదు ఎక్కువైనా విశ్రాంతి ఉంటుంది కాబట్టి నడిచిపోతుంది. గొడవంతా జూన్‌లోనే. ఒమాహాలో రెండుసార్లు ఓడితే ఇంటికి పోవాలి, మధ్యలో ఒకసారి ఓడామా, ఇక రోజూ ఆటే.

ఆ ఏడు ఎల్‌ఎస్‌యూకి అదే జరిగింది. 10 రోజుల్లో 8 ఆటలు! జూన్ 17న టెనెసీ మీద స్కీన్స్ వేశాడు, గెలిచారు. 19న వేక్ ఫారెస్ట్ చేతిలో ఓడారు. 20న మళ్ళీ టెనెసీ, ఓడితే సర్దుకోవడమే. ఆ రోజు కోచ్ దింపింది నేట్ ఆకెన్‌హాసన్ అనే కుర్రాణ్ణి, ఎల్‌ఎస్‌యూ తరఫున అంతకు ముందు ఒక్క ఆట కూడా మొదలుపెట్టనివాణ్ణి. వాడు 6 ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వలేదు, 5-0. 21న వేక్ ఫారెస్ట్ మీద గెలిచారు. 22న మళ్ళీ వేక్ ఫారెస్ట్, ఈసారి స్కీన్స్ ఒకవైపు, రెట్ లౌడర్ ఇంకోవైపు.

ఆ రాత్రి ఆట గురించి ఎంత చెప్పినా తక్కువే. 11వ ఇన్నింగ్ దాకా 0-0. స్కీన్స్ 8 ఇన్నింగ్స్, 120 బంతులు, 9 స్ట్రైకౌట్లు, ఇచ్చిన హిట్లు రెండే. ఎనిమిదో ఇన్నింగ్‌లో మూడో బేస్ మీద మనిషుండగా వాళ్ళు బంతిని మెల్లిగా తట్టి పరుగు లాగబోతే, ఫస్ట్ బేస్ నుంచి ట్రే మోర్గాన్ దూసుకొచ్చి బంతి అందుకుని అదే ఊపులో కేచర్ మిలాజోకి విసిరాడు, అవుట్. లైనప్‌లో ఆ ఇద్దర్నీ ఎందుకుంచాలి అని అడిగేవాళ్ళకి ఆ ఒక్క బంతి చాలు. పరుగులు ఆపడం కూడా లైనప్ పనే, బాటింగ్ సగటులో అది కనపడదు. చివరికి 11వ ఇన్నింగ్‌లో టామీ వైట్ సిక్సర్ లాంటిది కొట్టాడు, 2-0.

ఫైనల్స్ ఫ్లోరిడాతో. 24న టై ఫ్లాయిడ్ 8 ఇన్నింగ్స్‌లో 17 మందిని స్ట్రైకౌట్ చేశాడు, 11 ఇన్నింగ్స్ ఆడి 4-3తో గెలిచారు. 25న ఫ్లోరిడా 24-4తో చితక్కొట్టేసింది, ఒమాహా చరిత్రలో ఒక ఆటలో ఒక టీమ్ చేసిన అత్యధిక పరుగులవి. అంత చావుదెబ్బ తిన్న మర్నాడు ఏ ఫ్యాన్‌కైనా నోట్లో ఒకటే మాట ఉంటుంది, స్కీన్స్! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు జాన్సన్ మాత్రం థాచర్ హర్డ్‌ని దింపాడు. యూసీఎల్‌ఏ నుంచి వచ్చిన కుర్రాడు, సీజనంతా నిలకడ లేదు. మొదటి ఇన్నింగ్‌లోనే లాంగ్‌ఫర్డ్ కొట్టిన దెబ్బకి 0-2. ఆ పది నిమిషాలూ బేటన్ రూజ్‌లో ఎన్ని బీపీ మాత్రలు ఖర్చయ్యాయో! రెండో ఇన్నింగ్‌లో ఎల్‌ఎస్‌యూ 6 పరుగులు చేసింది. హర్డ్ 6 ఇన్నింగ్స్ వేశాడు, రైలీ కూపర్ మిగతా 3 వేశాడు, 18-4. స్కీన్స్ అవసరమే రాలేదు.

"చూశావా, కోచ్ కరెక్టు" అనేవాళ్ళున్నారు. "18 పరుగులు చేస్తే ఎవడు వేసినా గెలుస్తారు, అందులో కోచ్ గొప్పేముంది" అనేవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు ఈ రెండు వాదనలూ ఒకే తప్పు చేస్తున్నాయి. రెండూ స్కోరు చూసి నిర్ణయానికి మార్కులు వేస్తున్నాయి. టెస్టింగ్ చెయ్యకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి తోసిన కోడు పగలకపోతే అది మంచి ప్రాసెస్ అవుతుందా? ఏ నిర్ణయమైనా ఆట మొదలవకముందు ఏం తెలుసో దాన్నిబట్టి చూడాలి. జూన్ 26 మధ్యాహ్నానికి జాన్సన్‌కి తెలిసింది ఇదీ: కుర్రాడికి 21 ఏళ్ళు. నాలుగు రోజుల కింద 120 బంతులు వేశాడు. దానికి అయిదు రోజుల ముందు ఇంచుమించు అన్నే వేశాడు. సీజన్ మొత్తం మీద 209 స్ట్రైకౌట్లు, 1989లో బెన్ మెక్‌డొనాల్డ్ పెట్టిన 202 రికార్డు దాటేశాడు. రెండు వారాల్లో డ్రాఫ్ట్. ఆ డ్రాఫ్ట్‌లో పిట్స్‌బర్గ్ మొట్టమొదటగా అతన్నే తీసుకుంది, బోనస్ 92 లక్షల డాలర్లు. ఆ రాత్రి మోచేతిలో లిగమెంటు టప్పుమని ఉంటే కప్పు కాలేజీ అల్మారాలో ఉండేది, చెయ్యి మాత్రం అతని ఇంట్లో ఉండేది. అందుకని హర్డ్ ఓడిపోయి ఉన్నా సరే అది సరైన నిర్ణయమే అంటాను.

ఇంతవరకూ జాన్సన్ భజన. ఇప్పుడు రెండో వైపు చూద్దాం.

మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాలు ఉన్నాయి. 19 నుంచి 22 ఏళ్ళవాళ్ళకి రోజుకి 120 బంతులు మించకూడదు, 106 దాటితే 5 రోజులు విశ్రాంతి ఇవ్వాలి. వేళ్ళ మీద లెక్కపెట్టండి. 17న వేసినవాడు మళ్ళీ 23కి గానీ రాకూడదు. 22నే వచ్చాడు! అంటే మనం ఇప్పుడు మెచ్చుకుంటున్న కోచే నాలుగు రోజుల ముందు ఆ గీత దాటేశాడు. అక్కడితో ఆగలేదు. 2025 ఫైనల్స్ మొదటి ఆటలో కోస్టల్ కరొలైనా మీద అదే జాన్సన్ కేడ్ ఆండర్సన్ అనే కుర్రాడి చేత ఆట మొత్తం వేయించాడు, 130 బంతులు. హైస్కూల్లో ఉండగానే టామీ జాన్ సర్జరీ అయిన చెయ్యి అది! (మోచేతి లిగమెంటు తెగిపోతే వేరేచోటి నుంచి నరం తెచ్చి కట్టే ఆపరేషన్. 1974లో మొదటిసారి చేయించుకున్న పిచర్ పేరే దానికి పెట్టారు.) 1-0తో గెలిచారు, మర్నాడు కప్పూ గెలిచారు. ఆ 130 గురించి మా గుంటూరు కుర్రాడు ఏమన్నాడో తెలుసా? "వీరుడన్నా!" అన్నాడు. 2023లో ఆపితే పిరికితనం, 2025లో ఆపకపోతే వీరత్వం.

నాకు జాన్సన్ మీద కోపమేం లేదు. ఉన్నంతలో మంచి కోచ్. నా గొడవల్లా కోచ్ మంచితనం మీద ఆధారపడాల్సి రావడం గురించే. టెక్సస్ సంగతి చూడండి. 2009 మే 30న ఆస్టిన్‌లో బోస్టన్ కాలేజ్‌తో 25 ఇన్నింగ్స్ ఆట, ఏడు గంటలు సాగింది. టెక్సస్ రిలీఫ్ పిచర్ ఆస్టిన్ వుడ్ 13 ఇన్నింగ్స్, 169 బంతులు వేశాడు. కోచ్ ఆగీ గరీడో అనామకుడేం కాదు, అప్పటికే ఎన్నో కప్పులు గెలిచిన పెద్దమనిషి. టెక్సస్ 3-2తో గెలిచింది. ఇప్పటికీ టెక్సస్ ఫ్యాన్సు ఆ రాత్రిని భక్తిగా తలుచుకుంటారు. వుడ్ డ్రాఫ్టయితే అయ్యాడు గానీ మేజర్ లీగ్ మెట్టు ఎక్కలేదు.

మన హ్యూస్టన్ వాళ్ళకి పక్కనే రైస్ యూనివర్సిటీ ఉంది. 2003లో కప్పు గెలిచింది. 2004 డ్రాఫ్ట్‌లో దాని పిచర్లు హంబర్, నీమన్, టౌన్‌సెండ్, ముగ్గురూ మొదటి 8 మందిలో ఉన్నారు. ముగ్గురికీ కత్తి పడింది, ఇద్దరికి మోచెయ్యి, ఒకరికి భుజం. కాలేజీలో వేయించినందుకే అని ఎవరూ నిరూపించలేరు. హంబర్ 2012లో మేజర్ లీగ్‌లో పర్ఫెక్ట్ గేమ్ కూడా వేశాడు. కానీ ముగ్గురికి ముగ్గురూ అంటే నాకు మాత్రం కాస్త భయం వేస్తుంది.

విచిత్రమేంటంటే హైస్కూల్ పిల్లలకి రూలుంది. 2017 నుంచి హైస్కూళ్ళలో బంతుల లెక్క, దానికి తగ్గ విశ్రాంతి తప్పనిసరి చేశారు, లెక్క రాష్ట్రాన్నిబట్టి మారుతుంది, అంతే. మేజర్ లీగ్‌లో రూలు లేకపోయినా కోట్ల డాలర్లు పెట్టిన ఓనరు ఉంటాడు, తన డబ్బు కోసమైనా చెయ్యి కాపాడతాడు. మధ్యలో కాలేజీ కుర్రాడికి రూలూ లేదు, ఓనరూ లేడు. ఆ ఏడాది గెలవకపోతే కోచ్ ఉద్యోగం పోతుంది, కుర్రాడు ఎలాగూ వచ్చే ఏడాది వెళ్ళిపోతాడు. ఏరు దాటేదాకా తెప్పని ఎవడూ తగలెయ్యడు, దాటాక దాని గురించి ఎవరికి పట్టింది?

"వాళ్ళు పెద్దవాళ్ళే కదా, వేయగలను అని వాళ్ళే అంటున్నారు" అంటారు. అనకుండా ఎలా ఉంటారండీ? కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన ఫ్రెషర్ని రిలీజ్ రోజున రాత్రికి ఉండగలవా అని మేనేజర్ అడిగితే ఉండలేనని చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇరవై అయిదు వేల మంది అరుస్తుండగా, పక్కన స్నేహితులంతా చూస్తుండగా, "సార్, చెయ్యి లాగుతోంది" అని ఏ ఇరవై ఏళ్ళవాడు చెప్తాడు? చెప్పక్కర్లేకుండా చెయ్యడానికే రూలు.

ఇంకో వాదనలో మాత్రం పస ఉంది. మేజర్ లీగ్‌లో బంతులు తగ్గించినా మోచేతులు పోతూనే ఉన్నాయి కదా అని. నిజమే. 2024 డిసెంబర్లో మేజర్ లీగ్ వాళ్ళే ఒక రిపోర్టు ఇచ్చారు, ప్రతి బంతీ శక్తికొద్దీ విసరడం, వేగం వెనకాల పరిగెత్తడం అసలు కారణాల్లో ముఖ్యమని. బంతుల లెక్క ఒక్కటే మందు కాదు, ఒప్పుకుంటాను. కానీ శక్తికొద్దీ విసిరేవాడు అలిసిపోయాక కూడా శక్తికొద్దీ విసిరితే ఏమవుతుందో ఆలోచించండి. వేగం పెరిగేకొద్దీ విశ్రాంతి లెక్క ఇంకా అవసరమవుతుంది.

ఫ్యాన్సుగా మనకి దీనివల్ల నష్టం లేదా అంటే ఉంది. రూలే ఉంటే 2023 జూన్ 22 రాత్రి స్కీన్స్ ఉండేవాడు కాదు. లౌడర్‌తో ఆ పోటీ ఉండేది కాదు, ఎల్‌ఎస్‌యూ బహుశా ఆ రాత్రే ఇంటికి పోయేది. ముందు చెప్పాను కదా, దించిన బరువు ఇంకొకడి మీద పడుతుందని. ఒక్కడి మీద పడితే అన్యాయం, ఆరుగురి మీద పంచితే అది టీము. అప్పుడు ఫిబ్రవరి నుంచీ కోచ్ నాలుగోవాణ్ణీ అయిదోవాణ్ణీ మంగళవారం ఆటల్లో తయారు చేసుకుంటాడు. మనం కూడా "స్కీన్స్‌ని దింపు" అని అరవడం మాని ఎవరి తర్వాత ఎవరు, ఎడంచేతివాణ్ణి ఏ ఇన్నింగ్‌లో తేవాలి అని సరిగ్గా కొట్టుకోవచ్చు. ఎవరికీ పేరు తెలియని ఆకెన్‌హాసన్ జూన్ 20న బంతి పట్టుకుని 6 ఇన్నింగ్స్ వేశాడే, నాకు ఆ టోర్నమెంటు మొత్తంలో తెగ నచ్చిన ఆట అదే, స్కీన్స్‌ది కాదు.