రిపోర్టులో కనిపించని నొప్పి

ఆదివారం ఆరాధనలో ప్రసంగం సగానికి వచ్చింది. ఉన్నట్టుండి రొమ్ము ఎడమవైపు కత్తితో పొడిచినట్టు పోటు! ఊపిరి పీలిస్తే ఇంకా ఎక్కువైంది. పుల్పిట్ పట్టుకొని నిలబడ్డాను. ఇద్దరు పెద్దలు వచ్చి నన్ను కూర్చోబెట్టారు. పది నిమిషాల్లో ఆసుపత్రికి బయలుదేరాం. దారి పొడవునా నా భార్య ఏడుస్తూ ప్రార్థిస్తోంది. ఇరవై ఏళ్లకు పైగా సమాధుల దగ్గర నిలబడి పునరుత్థానాన్ని గురించి బోధించిన నేను, ఆ కారులో మాత్రం అమ్మాయి పెళ్లి గురించి, ఇంటి అప్పు గురించి ఆలోచించాను. ఉన్నమాట చెప్పాలి కదా!

ఈసీజీ తీశారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌ను కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూశారు. ఎకో చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. మరునాడు ఉదయం డాక్టరుగారు నా రొమ్ము ఎముక పక్కన వేలితో ఒక్కొక్కచోటే నొక్కుతూ వచ్చారు. ఒకచోట నొక్కగానే కేక వేశాను. ‘నిన్న వచ్చిన నొప్పి ఇదేనా?’ అన్నారు. అదే! పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసేచోట మృదులాస్థి ఉంటుంది. అక్కడ వాపు వచ్చి నొప్పి పుడితే దాన్ని కాస్టోకాండ్రైటిస్ అంటారు. విడవని దగ్గు, బరువులెత్తడం, ఛాతీకి తగిలిన దెబ్బ దీనికి కారణం కావచ్చు. చాలామందిలో కారణమే తెలియదు. ప్రాణానికి ముప్పు లేదు. కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు కూడా.

తర్వాతి ఆదివారం కృతజ్ఞతా కూడిక పెట్టారు. సంఘపెద్ద ఒకరు లేచి, ‘దేవుడు మన అయ్యగారిని గుండెపోటు నుండి లేపాడు’ అన్నారు. చప్పట్లు, హల్లెలూయాలు! నాకు గుండెపోటు రాలేదని నాకు తెలుసు. అయినా నోరు తెరవలేదు. అంత ప్రేమతో స్తుతిస్తున్నవారి ఆనందాన్ని పాడుచేయడమెందుకని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. గుండెపోటు నుండి బతికి వచ్చిన పాస్టరు అనిపించుకోవడం నాకూ బాగుంది! కానీ బుధవారం ఆ పోటు మళ్లీ వచ్చింది. దేవుడు తీసివేశాడని సంఘమంతా స్తోత్రం చెల్లించిన నొప్పి మళ్లీ వచ్చిందని ఎవరితో చెప్పను?

ఆ రాత్రి మా సంఘంలోని ఒక సహోదరి గుర్తుకొచ్చింది. రెండేళ్ల క్రితం ఆమె ఇలాంటి నొప్పితోనే ప్రార్థన కోసం వచ్చేది. పరీక్షలన్నీ బాగున్నాయని విని, ‘ఏమీ లేదమ్మా, భయం మానేసి విశ్వాసముంచు’ అని పంపించేవాడిని. కొన్నాళ్లకు ఆమె ముందుకు రావడం మానేసింది. బాగుపడిందనుకున్నాను.

మరునాడు నా భార్యతో కలిసి ఆమె ఇంటికి వెళ్లాను. ‘ఇప్పుడెలా ఉందమ్మా?’ అని అడిగితే ఆమె కాసేపు మాట్లాడలేదు. ‘ఉందండీ అయ్యగారూ. మీరు కూడా ఏమీ లేదన్నాక ఇక ఇంట్లో చెప్పడం మానేశాను. రాత్రిళ్లు లేచి కూర్చుంటాను. రేపు నిజంగా గుండెనొప్పే వస్తే ఎవరితో చెప్పాలండీ?’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమెను క్షమాపణ అడిగాను.

షిలోహు మందిరంలో హన్నా ప్రార్థించిన రోజు మనందరికీ తెలుసు. ఆమె వేదన హృదయంలో ఉంది. ద్వారం దగ్గర కూర్చున్న యాజకుడైన ఏలీకి కనిపించింది ఆమె పెదవులే. అందుకే తాగివచ్చిందనుకొని గద్దించాడు (1 సమూ. 1:12–14). మందిరంలో అంత అనుభవమున్న సేవకుడు కూడా పైకి కనిపించినదాన్ని బట్టే తీర్పు తీర్చాడు. నేను రిపోర్టును బట్టి తీర్పు తీర్చాను. అయితే ఏలీలో నేర్చుకోవలసిన గుణం ఒకటుంది. హన్నా తన దుఃఖం చెప్పుకోగానే అతడు వాదించలేదు. తన మాట మార్చుకొని, అక్కడే ఆమెను సమాధానంతో దీవించి పంపాడు. నాకు ఆ మార్పు రావడానికి రెండేళ్లు పట్టింది. అదీ నా రొమ్ములో పోటు వచ్చాకే!

గుండెలో ఏమీ లేదు అన్నది మంచి వార్త. దానికి దేవుణ్ణి స్తుతించాలి. కానీ ‘నీకేమీ లేదు’ అన్నది అబద్ధం. ప్రాణం తీయని నొప్పి కూడా నొప్పే. అది నిద్రను తింటుంది, పనిని తింటుంది, ‘ఈసారి గుండెదేనేమో’ అన్న భయాన్ని ప్రతిసారీ కొత్తగా తెస్తుంది. దానిమీద మనం అవిశ్వాసమన్న నింద కూడా మోపితే ఆ మనిషి ఇక నోరు విప్పడు. నోరు విప్పని ఇంట్లోనే నిజమైన గుండెజబ్బు కూడా ఎవరికీ తెలియకుండా ముదిరిపోతుంది. మన తొందరపాటు మాట ఒక ప్రాణం మీదికి తేవచ్చునని ఆ సహోదరి ప్రశ్న నాకు నేర్పింది.

అపొస్తలుడైన పౌలు శరీరంలో ముల్లు ఉండేది. తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ప్రభువు ముల్లు తీయలేదు, దానితో బతకడానికి సరిపడే కృపనిచ్చాడు (2 కొరింథీ. 12:7–9). పౌలు దాన్ని దాచిపెట్టి, స్వస్థపడ్డానని సాక్ష్యం చెప్పి ఉంటే మనకు ఆ అధ్యాయమే ఉండేది కాదు! తీరని ప్రార్థనను సంఘం ముందు ఒప్పుకోవడం కూడా సాక్ష్యమే. ఎఫెసులో ఆయన శరీరానికి తగిలిన గుడ్డలతో రోగులు బాగుపడ్డారు. అదే పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని దాపరికం లేకుండా రాశాడు (2 తిమోతి 4:20). తిమోతి కడుపు బాధకు ఆనాటికి తెలిసిన మందు సూచించాడు. వైద్యుడైన లూకాను ప్రియుడని పిలిచాడు. ప్రార్థనకూ వైద్యానికీ మధ్య గోడ కట్టింది మనమే.

1527 జూలైలో విటెన్‌బర్గులో మార్టిన్ లూథర్ స్పృహ తప్పి పడిపోయాడు. చావు వచ్చేసిందనుకున్నాడు. ఆ రోజు ఉదయమే తన మనోవేదనను ఆ ఊరి పాస్టరు బూగెన్‌హాగెన్ ముందు విప్పిచెప్పుకున్నాడు. లూథర్ ఆ తర్వాత 1546 దాకా జీవించాడు. అంతటి దైవజనుడికే బాధ చెప్పుకోవడానికి ఒక పాస్టరు కావలసివచ్చాడు. మన విశ్వాసులకు అక్కర్లేదా?

పాఠకులకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. నా నొప్పి గుండెది కాదని తేల్చింది పరీక్షలు, డాక్టరు. నేను కాదు. నొక్కితే నొప్పి పుట్టినంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. రొమ్ములో బిగిసినట్టు బరువు, చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి వస్తే ప్రార్థన కూటానికి ఫోన్ చేసే ముందు 108కి ఫోన్ చేయండి. ప్రార్థన అంబులెన్సులోనూ చేయవచ్చు. షుగర్ ఉన్నవారిలో పెద్దగా నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ముందే కాస్టోకాండ్రైటిస్ అని తేలినవారు కూడా నొప్పి తీరు మారితే మళ్లీ చూపించుకోవాలి. అది అవిశ్వాసం కాదు, దేవుడిచ్చిన దేహాన్ని కాపాడుకోవడం.

ఇప్పటికీ చలికాలంలో, నాలుగు రోజులు వరసగా కూడికలు జరిగితే ఆ పోటు నన్ను పలకరిస్తుంది. వేడి కాపడం పెట్టుకుంటాను, డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటాను, బరువైన కుర్చీలు మోయడం యువకులకు వదిలేశాను. ఆ సహోదరి ఇంటికి వెళ్లివచ్చిన ఆదివారమే సంఘం ముందు నిలబడి, ‘నాకు గుండెపోటు రాలేదు. ఆ రోజు మీరు చెబుతుంటే నేను దిద్దలేదు, క్షమించండి. నాకింకా నొప్పి ఉంది, ప్రార్థించండి’ అన్నాను. చప్పట్లు లేవు, నిశ్శబ్దంగా ఉంది. ఆరాధన ముగిశాక ప్రార్థన కోసం ఏడుగురు ముందుకు వచ్చారు. మోకాలు, నడుము, తలనొప్పి, పట్టని నిద్ర... ఎన్నాళ్లుగానో దాచుకున్న బాధలవి. అందరికంటే ముందు వచ్చి నిలబడింది ఆ సహోదరే. ఈసారి నేను ఏమీ లేదమ్మా అనలేదు. ‘ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి?’ అని అడిగాను. ఆ తర్వాతే ప్రార్థించాను.