హిస్టరీలో ఎంఏ... ఆ తర్వాత?

బీఏ ఫలితాలు వచ్చిన వారం నుంచే కొన్ని ఇళ్లలో పంచాయితీ మొదలవుతుంది. హిస్టరీలో ఎంఏ చేస్తానంటుంది అమ్మాయి. 'రాజులూ పోయారు, రాజ్యాలూ పోయాయి. అవి చదివి ఏం చేస్తావే? బీఈడీలో చేరు' అంటాడు నాన్న. మగ్గం మీద బతికే ఇంట్లో రెండేళ్లంటే మాటలు కాదు. కాబట్టి ఆయన ప్రశ్నను తీసిపారేయడానికి వీల్లేదు.

అలాగని అమ్మాయి కోరికా గాల్లోంచి పుట్టింది కాదు. మంగళగిరిలో పుట్టినవాళ్లకు చరిత్ర ఇంటి ముందే ఉంటుంది. 1515లో కొండవీటి కోటను సాళువ తిమ్మరుసు ఎలా గెలిచాడో చెప్పే శాసనం ఈ ఊళ్లోనే ఉంది. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1807-09 మధ్య కట్టించిన పదకొండంతస్తుల గాలిగోపురం రోజూ కనిపిస్తూనే ఉంటుంది. పక్కనే ఉండవల్లి గుహలు, ఆపైన అమరావతి. 1797లో కాలిన్ మెకంజీ అక్కడి స్తూపాన్ని చూశాడు. దాని శిల్పాలు చాలావరకు ఇప్పుడు లండన్, చెన్నై మ్యూజియంలలో ఉన్నాయి.

ఇక ఉద్యోగాల సంగతి. ఎంఏ పట్టా ఒక్కటే చేతిలో ఉంటే దానికి పెద్ద గిరాకీ లేదు. స్కూల్లో సోషల్ టీచర్ కావాలంటే డిగ్రీ, బీఈడీ, టెట్ చాలు, ఎంఏ అక్కర్లేదు. గ్రూప్-2 మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రకు 75 మార్కులున్నాయి నిజమే. కానీ ఆ పరీక్షకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. కేవలం దానికోసం రెండేళ్లు ఎంఏలో కూర్చోవడం దండగ. జూనియర్ లెక్చరర్ పోస్టుకు మాత్రం ఎంఏ కావాల్సిందే. అయితే నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు!

డిగ్రీ కాలేజీలో చెప్పాలన్నా, పరిశోధన చేయాలన్నా అసలు గేటు యూజీసీ నెట్. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. నాన్నకు చూపించదగ్గ అంకె ఇదే. దానికి ఎంఏలో 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 50 చాలు. వయసు ముప్ఫై లోపు, అమ్మాయిలకు అయిదేళ్ల సడలింపు. తెలుగు మీడియం వాళ్లను దెబ్బతీసేది ఇంకొకటుంది. హిస్టరీ నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. ఆ సంగతి చివరి ఏడాదిలో తెలిసేకన్నా చేరేరోజే తెలిస్తే మేలు.

మల్లంపల్లి సోమశేఖరశర్మకు కాలేజీ డిగ్రీ లేదు. ఆయన రాసిన రెడ్డిరాజ్యాల చరిత్రను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో అచ్చువేసింది. ఆ రోజులు వేరు. ఇప్పుడాయన వచ్చినా ముందు నెట్ సర్టిఫికెట్ అడుగుతారేమో!

మరి ఎక్కడ చేరాలి? 1976లో పుట్టిన నాగార్జున విశ్వవిద్యాలయం మంగళగిరి నుంచి గుంటూరు వెళ్లే దారిలోనే ఉంది. బస్సు ఖర్చుతో అయిపోతుంది, హాస్టల్ బెంగ లేదు. రాష్ట్రంలోని వర్సిటీలకు పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయితే సీయూఈటీ పీజీ. పేరు చూసి కాదు, లోపల ఏముందో చూసి ఎంచుకోవాలి. ఒక పూట వెళ్లి డిపార్ట్‌మెంట్‌లో కూర్చోండి. రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది? శాసనాల లిపి నేర్పేవాళ్లున్నారా? విద్యార్థులను తవ్వకాలకో, ఆర్కైవ్స్‌కో తీసుకెళ్తారా? నిరుడు పాసైనవాళ్లు ఏం చేస్తున్నారు? ఈ నాలుగో ప్రశ్నకు ఆఫీసులో కన్నా క్యాంటీన్లో నిజమైన జవాబు దొరుకుతుంది.

ఎంఏతోపాటు ఒక భాషో లిపో పట్టుకున్నవాళ్లకు పోటీ తక్కువ. గోల్కొండ, నిజాం కాగితాలకు పారశీకం కావాలి, మచిలీపట్నం వర్తకానికి డచ్చి. డచ్చి రికార్డులు చెన్నై ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పురావస్తు శాఖ వైపు మనసుంటే ఆ శాఖే గ్రేటర్ నోయిడాలో రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతోంది. పాత కాగితాల భద్రత నేర్చుకోవాలంటే ఢిల్లీలో జాతీయ ఆర్కైవ్స్ వారి ఏడాది డిప్లొమా ఉంది. దరఖాస్తుకు ముందే ఆ నోటిఫికేషన్లలో వయసు, మార్కుల నిబంధనలు చూసుకోవాలి.