గజంబద్ద ఒకటే ఉండాలి

మా కుటుంబంలో రెండు పార్టీలూ ఉన్నాయి. జగ్గయ్యపేటలో మాదొక జెండా, నందిగామలో మా ఆడపడుచు వాళ్ళది ఇంకో జెండా. పండక్కి కలిస్తే మగవాళ్ళు అరుచుకుంటారు, మేం వంటింట్లో నవ్వుకుంటాం. కానీ ఒక్క విషయంలో మనం కూడా వాళ్ళలాగే తయారయ్యాం. నాకు మండేది అక్కడే.

2022 ఆగస్టులో అప్పటి హిందూపురం ఎంపీ గోరంట్ల మాధవ్‌ది అంటూ ఒక వీడియో బయటికొచ్చింది. అది మార్ఫింగ్ అన్నారాయన. బయట తిరిగేది ఒరిజినల్ కాదు, తేల్చలేం అన్నారు అనంతపురం పోలీసులు. తెలుగుదేశం వాళ్ళు ఆయన్ని తీసెయ్యమన్నారు, వైఎస్సార్ కాంగ్రెస్ సస్పెండ్ కూడా చెయ్యలేదు. 2024 సెప్టెంబరులో సత్యవేడు తెలుగుదేశం ఎమ్మెల్యే కోనేటి ఆదిమూలం మీద ఆ పార్టీ మహిళే ఆరోపణ చేసింది. ఆయన కాదన్నారు. పార్టీ వెంటనే సస్పెండ్ చేసింది (మంచిపనే, ఎవరు చేసినా మంచిపనే). అదే నెలలో హైకోర్టు ఆ ఎఫ్‌ఐఆర్ కొట్టేసింది.

వీళ్ళలో ఎవరు తప్పు చేశారో చెప్పడానికి నేనెవర్ని? నా గొడవ మన నోళ్ళ గురించి. అప్పుడు మండిపడ్డవాళ్ళు రెండేళ్ళకి "ఇదంతా కుట్ర" అన్నారు. అప్పుడు కుట్ర అన్నవాళ్ళకి ఆడవాళ్ళ మానం గుర్తొచ్చింది. అవతలి పార్టీ వాడైతే "పాపం, ఎంత భయపడిందో" అంటాం. మనవాడైతే "ఇన్నాళ్ళూ ఏం చేసిందట?" అంటాం. పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో తిరుపతమ్మ తల్లి అత్తింట పడ్డ బాధలు విని కళ్ళు తుడుచుకునేదీ మనమే!

కుట్రలు ఉండవా అంటే, ఉంటాయి. అందుకే విచారణ అంటున్నాను. ఆరోపణ వస్తే తేలేదాకా పదవికి దూరంగా ఉండాలి, తప్పు లేదని తేలితే గౌరవంగా తిరిగి రావాలి. ఏ జెండా అయినా ఇంతే.

ఆడవాళ్ళ మీద నేరాల కేసులున్నట్టు తమ అఫిడవిట్లలో తామే రాసిచ్చిన ఎంపీలు, ఎమ్మెల్యేలు దేశంలో 151 మంది అని 2024లో ఏడీఆర్ సంస్థ లెక్క తీసింది. మన రాష్ట్రం వాళ్ళు 21 మంది, బెంగాల్ తర్వాత మనమే. వీళ్ళకి టిక్కెట్లిచ్చింది ఒక్క పార్టీ కాదు, ఓట్లేసింది మగవాళ్ళొక్కరే కాదు.

ఇంకో సంగతి. పదిమంది పనిచేసే బట్టల కొట్టయినా సరే, లైంగిక వేధింపుల ఫిర్యాదులకి కమిటీ పెట్టాలంటుంది 2013 చట్టం. పార్టీకి, కార్యకర్తకి మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి పార్టీలు పెట్టక్కర్లేదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. చట్టం అక్కర్లేదంటే మాత్రం, పెట్టుకోవద్దని ఎవరన్నారు? ఈసారి బొట్టు పెట్టి ఓటడగడానికి వచ్చిన అమ్మాయినే అడుగుతాను: "నీకేదైనా జరిగితే మీ పార్టీలో ఎవరికి చెప్పుకుంటావమ్మా?" అని. మీరూ మీ గుమ్మంలో అడగండి, రెండు పార్టీల వాళ్ళనీ.