సమయాభావం వల్ల...

విశ్వవిద్యాలయాలు అచ్చువేసే ఆహ్వానపత్రాల అడుగున తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: "అందరూ ఆహ్వానితులే." ఆ వాక్యాన్ని నమ్మి కొన్నేళ్ళ క్రితం మా మేనమామను వెంటబెట్టుకొని ఒక స్మారకోపన్యాసానికి వెళ్ళాను. ఏ విశ్వవిద్యాలయమన్నది ఇక్కడ అప్రస్తుతం. ఉపన్యాస విషయం కాకతీయుల కాలంనాటి చెరువులు.

మా మామ బడికి వెళ్ళింది మూడేళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా మా ఊరి చెరువుకు నీరటిగా పనిచేశాడు. తూము తెరవడం, మూయడం, కాలువ వెంట నడుస్తూ ఏ మడికి ఎంత నీరు పారిందో చూసుకోవడం ఆయన పని. పంట చేతికొచ్చాక రైతులు కళ్ళంలో కొలిచి ఇచ్చే మేర ఆయన జీతం. చెరువుల మీద ఒక పెద్దమనిషి గంటసేపు మాట్లాడతాడని చెప్పగానే, ఉతికిన ధోవతి కట్టుకొని నాకన్నా ముందే బస్టాండుకు చేరాడు.

నాలుగింటికన్న సభ నాలుగుంముప్పావుకు మొదలైంది. జ్యోతి ప్రజ్వలనం, ప్రార్థన, స్వాగతవచనం, వక్త పరిచయం, అధ్యక్షుల తొలిపలుకులు యథావిధిగా జరిగాయి. ఉపన్యాసం మాత్రం నిజంగా బాగుంది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల చిత్రాలు తెరమీద చూపించారు. చెరువు తవ్వించినవారికీ, మరమ్మతు చేయించినవారికీ భూమిని మాన్యంగా ఇచ్చే దశబంధ పద్ధతిని శాసనాల ఆధారంతో వివరించారు. వక్త 'అలుగు' అన్నప్పుడల్లా మా మామ "మత్తడి" అని తనలో తాను సరిదిద్దుకుంటూ, ముందుకు వంగి, ఒక్క మాట కూడా పోనీయకుండా విన్నాడు.

ఉపన్యాసం ముగిసింది. మామ లేవబోయాడు. అంతలో అధ్యక్షులు మైకు అందుకొని, "సమయాభావం వల్ల ప్రశ్నలకు అవకాశం ఇవ్వలేకపోతున్నాం" అన్నారు. ఆ తరువాత వక్తకు శాలువా, జ్ఞాపిక, అధ్యక్షులకు శాలువా, జ్ఞాపిక, దాత కుటుంబసభ్యులకు పుష్పగుచ్ఛాలు, ఛాయాచిత్రాలు, వందన సమర్పణ. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

సమయాభావం అన్నమాట ఆనాటినుంచి నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. లేనిది సమయమా? ప్రశ్న వేసేవాడి మీద గౌరవమా?

విశ్వవిద్యాలయం తన ద్వారాలను ప్రజలకు తెరవడం గొప్ప విషయమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ తెరిచిన ద్వారంలోంచి లోపలికి వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టించుకొని పంపించివేస్తే అతడు అతిథి కాడు, కుర్చీ నింపినవాడు మాత్రమే. ప్రజలకోసం జరిగే ఏ ఉపన్యాసానికైనా ప్రశ్నల వేళే ప్రాణమని నా అభిప్రాయం. తక్కినదాన్ని కుదించవచ్చు గానీ దాన్ని తొలగించకూడదు.

ఇదేమీ పరాయి భావన కాదు. మన అవధానాన్నే చూడండి. అష్టావధానంలో అవధానితోపాటు ఎనిమిదిమంది పృచ్ఛకులు వేదిక మీదనే కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరివారు అడుగడుగునా అక్షరాన్ని అడ్డుపెడతారు, అప్రస్తుత ప్రసంగంవారు ఉన్న ఏకాగ్రతను కాస్తా చెడగొట్టాలని చూస్తారు. వీరంతా సభకు ఆటంకాలు కారు. సభ అంటేనే వీరు. సమయాభావం వల్ల పృచ్ఛకులను రద్దు చేశామని ఎవరైనా ప్రకటిస్తే ఆ సభలో ఇక మిగిలేదేమిటి? ప్రశ్నించేవాడికి పేరుపెట్టి, పాత్రను కేటాయించి, పండితుడి పక్కనే పీట వేసిన జాతి మనది. ఆ మర్యాద విశ్వవిద్యాలయ సభామందిరం గడప దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయింది?

అవధానం వినోదమనీ, విద్యావ్యాసంగం వేరనీ అనేవారికి మరో సంగతి చెబుతాను. విశ్వవిద్యాలయ విద్యను బయటి ప్రజల దగ్గరికి తీసుకువెళ్ళిన తొలి ప్రయత్నాలలో ఇంగ్లండులో జేమ్స్ స్టూవర్ట్ చేసిన ప్రయత్నం ముఖ్యమైనది. ఆయన కేంబ్రిడ్జి అధ్యాపకుడు. 1867లో ఉత్తర ఇంగ్లండు నగరాల్లో స్త్రీలకు ఖగోళశాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చాడు. ఆ కాలపు కట్టుబాట్లలో స్త్రీలూ, యువ అధ్యాపకుడూ సభలో ప్రశ్నోత్తరాలు సాగించడం సభ్యత అనిపించుకోదు. అందుకని ఆయన ప్రశ్నలు అచ్చువేయించి పంచి, జవాబులు రాసి పంపమన్నాడు. వాటిని దిద్ది తిరిగి పంపేవాడు.

రోచ్‌డేల్‌లో సహకార సంఘ సభ్యులకు ఉపన్యాసాలు ఇస్తున్నప్పుడు మరొకటి జరిగింది. ఒకనాడు తొందరలో ఉండి, గోడలకు వేలాడదీసిన పటాలను వచ్చేవారం వరకు అలాగే ఉంచమని హాలు చూసుకునే మనిషికి చెప్పి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చేసరికి ఆ మనిషే ఎదురొచ్చి, మీరు పటాలు వదిలి వెళ్ళడం ఎంతో మంచిదైందనీ, సభ్యులు వాటిముందు చేరి చర్చించుకున్నారనీ, ఈసారి ఉపన్యాసానికి కాస్త ముందుగానే వచ్చి ప్రశ్నలు అడుగుతామంటున్నారనీ చెప్పాడు. అప్పటినుంచి ఉపన్యాసానికి తోడుగా ప్రశ్నల గోష్ఠి కూడా ఆయన పద్ధతిలో భాగమైంది. 1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఈ పనిని అధికారికంగా చేపట్టింది. ఆ పద్ధతిని స్టూవర్ట్ ఒక్కడే తయారుచేయలేదన్నది నాకు బాగా నచ్చిన విషయం. దానిలో సగం, హాలు చూసుకునే ఒక మనిషీ, కొందరు శ్రామికులూ కలిసి ఆయనకు నేర్పినదే.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలిసింది. బడి పట్టా లేనివాడు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీ చదువుకు రావచ్చునని తలుపు తీసింది. ప్రవేశం విషయంలో అంత ఉదారంగా ఆలోచించగలిగిన నేల మీద, ఒక సాయంకాలపు సభలో పదిహేను నిమిషాలు విడిచిపెట్టడం కష్టమా?

కష్టమేనని నిర్వాహక మిత్రుడొకరు వాదించారు. "ప్రశ్న అని లేచి, అరగంట సొంత ఉపన్యాసం దంచుతారు. కొందరు స్వీయ కవితలు చదువుతారు. ఒకరిద్దరు వక్తతో కలహానికి దిగుతారు" అన్నారు. నిజమే, నేనూ చూశాను. కానీ దానికి మందు ప్రశ్నలను ఎత్తివేయడం కాదు. ముందుగా చీటీలు పంచి రాసి ఇమ్మనవచ్చు. రాయలేనివారి పక్కన ఒక విద్యార్థిని కూర్చోబెట్టి రాయించవచ్చు. అధ్యక్షులు గట్టిగా ఉంటే ఒక్కొక్కరికి ఒక్క నిమిషమే ఇవ్వవచ్చు. అధ్యక్షస్థానం ఉన్నది అందుకే కదా, శాలువాకోసం మాత్రమే కాదు కదా!

మరొక కారణం కూడా ఉంది. ఉపన్యాసం వినడానికి ఇప్పుడు ఎవరూ ఎక్కడికీ కదలనక్కరలేదు. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలను ఇంట్లో కూర్చొని ఉచితంగా చూడవచ్చు. ఎంతోమంది పండితుల ప్రసంగాలు చేతిలోని ఫోనులోనే దొరుకుతున్నాయి. అటువంటప్పుడు రెండు బస్సులు మారి ఒక మనిషి సభకు ఎందుకు రావాలి? రికార్డు చేసిన ప్రసంగం ఇవ్వలేనిది ఒక్కటే: ఎదురుగా ఉన్న వక్తను ఒక మాట అడిగి, అప్పటికప్పుడు ఆయన ఆలోచించి చెప్పే జవాబు వినడం. దాన్ని కూడా తీసివేస్తే ఆ సభామందిరంలో మిగిలేవి పుష్పగుచ్ఛాలూ, చల్లారిన తేనీరూ.

నాకు తోచిన విన్నపాలు మూడే. ఉపన్యాసాన్ని నలభై నిమిషాలకు కుదించి, ఇరవై నిమిషాలు ప్రశ్నలకు కేటాయించి, ఆ సంగతి ఆహ్వానపత్రంలోనే అచ్చువేయండి. ద్వారం దగ్గర ఉపన్యాస సారాంశాన్ని తేటతెలుగులో ఒక పుటగా చేతికివ్వండి. సన్మానాలన్నీ చివరకు జరుపుకోండి, వెళ్ళవలసినవారు వెళ్ళిపోతారు.

ఆనాడు తిరుగుప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చొని మామ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తనే అన్నాడు:

"ఆ సారును ఒక్క మాట అడుగుదామనుకున్న అల్లుడా. కరువొచ్చిన ఏడు ఎవలి పొలానికి ముందుగాల నీళ్ళు ఇడిచెటోళ్ళో ఆ రాతి మీద రాసున్నదా?"

నాకు తెలియదన్నాను. మరి నువ్వేం చేసేవాడివి మామా అని అడిగాను.

"కాలువ చివరి మడికే ముందు. తూము పక్కనోనికి కట్ట కింది ఊట నీళ్ళన్న ఉంటయి. చివరోనికి ఏముంటది?"

చెరువుల మీద అంత పరిశోధన చేసిన ఆ ఆచార్యులకు ఈ ప్రశ్న అందలేదు. ఈ జవాబూ అందలేదు. ఆ సాయంత్రం నష్టపోయింది మా మామ ఒక్కడేనని నేను అనుకోను.